పది రోజుల్లో పదకొండు రీస్టార్టులు: మా డెస్క్‌టాప్‌తో నా అనుభవం

తెనాలిలో మా ఇంటి ముందు గదే నా డీటీపీ షాపు. ఒక డెస్క్‌టాప్, ఒక లేజర్ ప్రింటర్, ఒక స్కానర్. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్లకు ప్రశ్నపత్రాలు చేసిస్తాను. ఈ ఏడాది వైశాఖం దాటితే అధిక జ్యేష్ఠం. ఆ నెలలో పెళ్లిళ్లు పెట్టుకోరు కాబట్టి అందరూ వైశాఖంలోనే ముహూర్తాలు పెట్టించుకున్నారు. ఏప్రిల్ మొదటి వారానికి నా బల్ల మీద పదిహేడు శుభలేఖల పని ఉంది. సరిగ్గా అప్పుడే సిస్టం దానంతట అది రీస్టార్ట్ అవడం మొదలుపెట్టింది.

మొదటిసారి జరిగినప్పుడు ఒక పెళ్లికూతురి మేనమామ ప్రూఫ్ కోసం ఎదురుగా కూర్చుని ఉన్నారు. రెండు వైపుల పెద్దల పేర్లు, గోత్రాలు, లగ్నం, కల్యాణ మండపం చిరునామా అన్నీ కొట్టాను. ప్రూఫ్ ఇచ్చేద్దాం అనుకునేలోపు స్క్రీన్ నల్లబడింది. లోపల ఫ్యాన్ చప్పుడు ఒక్క క్షణం తగ్గి మళ్లీ పెరిగింది, మదర్‌బోర్డు కంపెనీ బొమ్మ వచ్చింది. గదిలో ఫ్యాను తిరుగుతూనే ఉంది, లైటు వెలుగుతూనే ఉంది. విండోస్‌లో లోపం వస్తే కనిపించే నీలం తెర రాలేదు, ఏ హెచ్చరికా లేదు. సేవ్ చేయని అరగంట పని పోయింది. శుభలేఖ పనిలో మళ్లీ కొట్టడం అంటే సమయం ఒక్కటే కాదు. కంగారులో లగ్నం నిమిషాల్లో ఒక్క అంకె తప్పు పడితే నాలుగు వందల కార్డులు ఆ తప్పుతోనే ఇళ్లకు వెళ్తాయి. నాకు చేతులు చల్లబడ్డాయి.

మర్నాడు రెండుసార్లు అయింది. ఇక ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. మా మరిది, "విండోస్ 10కి సపోర్టు అయిపోయింది కదా వదినా, అందుకే" అన్నాడు. 2025 అక్టోబరు 14తో సపోర్టు ఆగిన మాట నిజమే. నా సిస్టం 2017లో అసెంబుల్ చేయించింది, ఏడో తరం ఐ3 ప్రాసెసర్‌ది. దానికి విండోస్ 11 అధికారికంగా రాదు కూడా. కానీ సపోర్టు ఆగితే సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగుతాయి, మిషను మధ్యలో పడిపోదు. ఆ సంగతి అప్పుడు నాకు అంత గట్టిగా తెలియదు. హార్డ్‌వేర్ చూసే ఒక అబ్బాయిని పిలిస్తే, "అక్కా, వైరస్ అయ్యుంటది, ఫార్మాట్ కొడితే సెట్ అయిపోద్ది" అన్నాడు. సరే అన్నాను. డి డ్రైవులో పాత కార్డుల ఫైళ్లన్నీ భద్రంగానే ఉన్నాయి. కానీ తెలుగు కొట్టే అను స్క్రిప్ట్ మళ్లీ ఎక్కించి, ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, ప్రింటర్ డ్రైవరు సరిచేసుకునేసరికి ఒక రోజున్నర పోయింది. ఆ సాయంత్రమే మళ్లీ రీస్టార్ట్ అయింది.

ఫార్మాట్ వల్ల ఇంకో నష్టం ఉందని తర్వాత తెలిసింది. సిస్టం ఎప్పుడెప్పుడు పడిపోయిందో విండోస్ తనలో తాను రాసుకుంటుంది. ఫార్మాట్‌తో ఆ రాతలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. రోగి చెప్పే మాట వినకుండా ముందే మందు పోసినట్టు అయింది. అందుకే ఎవరికైనా ఇది చెబుతాను: రీస్టార్ట్ అవుతుంటే ఫార్మాట్ చివరి మెట్టు, మొదటిది కాకూడదు.

ఆ రాత్రి జమాఖర్చుల నోటుబుక్కు తిరగేసి, వెనక పేజీలో గీతలు గీసుకున్నాను. తేదీ, టైము, అప్పుడు ఏం చేస్తున్నాను, ఏసీ వేసి ఉందా, వీధిలో కరెంటు ఎలా ఉంది. రీస్టార్ట్ అయిన ప్రతిసారీ, మళ్లీ తెర వచ్చేలోపే రాసేయాలని నియమం పెట్టుకున్నాను. తర్వాత రాద్దామంటే ఏం చేస్తున్నామో సరిగ్గా గుర్తుండదు.

రెండో పని, విండోస్ రాసుకునే పుస్తకం తెరవడం. స్టార్ట్ మెనూలో ఈవెంట్ వ్యూయర్ అని కొడితే వస్తుంది. అందులో విండోస్ లాగ్స్ కింద సిస్టం. వందల కొద్దీ వరసలు చూసి భయపడక్కర్లేదు, కుడివైపు ఫిల్టరులో 41, 6008, 1074 అని మూడు నంబర్లు ఇస్తే చాలు. 1074 ఉంటే ఎవరో ఒకరు, అంటే మనమో అప్‌డేటో ఏదైనా ప్రోగ్రామో, పద్ధతిగా రీస్టార్ట్ చేసినట్టు. 6008 ఉంటే అంతకుముందు సిస్టం అనుకోకుండా ఆగిందని, ఏ టైముకో కూడా అందులోనే ఉంటుంది. 41 కెర్నల్-పవర్ పేరుతో ఉంటుంది, సరిగ్గా షట్‌డౌన్ కాకుండానే మళ్లీ లేచిందని అర్థం. ఈ 41 పక్కన కనిపించే టైము సిస్టం పడిన టైము కాదు, మళ్లీ లేచాక రాసుకున్నది. నేను మొదట అక్కడే తికమకపడ్డాను.

41 మీద నొక్కి, డీటెయిల్స్‌లో బగ్‌చెక్ కోడ్ చూడాలి. అక్కడ సున్నా కాకుండా ఏదైనా అంకె ఉంటే విండోస్‌కు లోపం తెలిసి నీలం తెర వేసే ప్రయత్నం చేసిందన్నమాట. డ్రైవరో ర్యామో అని వెతకొచ్చు. నా దాంట్లో ప్రతిసారీ సున్నా. అంటే ఏమైందో విండోస్‌కే తెలియదు, చెప్పేంత వ్యవధి కూడా దానికి దొరకలేదు. నిర్ధారణ కోసం సిస్టం ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీలోకి వెళ్లి ఆటోమేటిగ్గా రీస్టార్ట్ అనే టిక్కు తీసేశాను. నీలం తెర వచ్చేదైతే ఇక అక్కడే ఆగి కనిపించాలి. మర్నాడు మళ్లీ పడింది, నీలం తెర లేదు. అప్పటికి అనుమానం సాఫ్ట్‌వేర్ మీద నుంచి పూర్తిగా పోయింది.

ఇక మిగిలినవి వేడి, ర్యామ్, కరెంటు. ఏప్రిల్ ఎండలు కాబట్టి ముందు వేడినే చూశాను. టెంపరేచర్ చూపించే ఉచిత ప్రోగ్రాం ఒకటి పెట్టి చూస్తే ప్రాసెసర్ 88 డిగ్రీలు. క్యాబినెట్ తీస్తే ప్రాసెసర్ వేడిని లాగే హీట్‌సింక్ మీద దుమ్ము పీచులా పేరుకుంది. పెయింటు బ్రష్షుతో దులిపి, ఆ రెండింటి మధ్య ఉండే పాత థర్మల్ పేస్టు తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టి బిగించాను. ఇంటెల్ ప్రాసెసర్‌తో వచ్చే ఫ్యానుకు నాలుగు ప్లాస్టిక్ కాళ్లు ఉంటాయి. నాలుగూ టక్‌మని కూర్చున్నాయో లేదో వెనక నుంచి చూసుకోవాలి. ఒక్క కాలు పైకి ఉన్నా ఫ్యాను వంకరగా కూర్చుంటుంది. వేడి 64కు దిగింది. చాలా సంతోషం వేసింది. కానీ 88 డిగ్రీలకు ఆ ప్రాసెసర్ పడిపోదు. వందకు దగ్గరైతే ముందు వేగం తగ్గించుకుంటుంది, ఇంకా మించితే పూర్తిగా ఆగిపోతుంది. నాది ఆగిపోవడం లేదు, వెంటనే మళ్లీ లేస్తోంది. రెండో రోజు సాయంత్రం అది మళ్లీ లేచి చూపించింది.

ర్యామ్ సంగతి త్వరగానే తేలింది. నాలుగేసి జీబీల ముక్కలు రెండు. కాంటాక్టులు రబ్బరుతో మెల్లగా తుడిచి, ఒక్కొక్కటీ విడిగా పెట్టి పని చేశాను. రెండింటితోనూ పడింది. ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్రోగ్రాం పెన్‌డ్రైవు నుంచి రాత్రంతా నడిపితే ఉదయానికి తప్పులు సున్నా.

రీసెట్ బటన్ మీద కూడా అనుమానం వచ్చింది. పాత క్యాబినెట్లలో ఆ బటన్ లోపల ఇరుక్కుని దానంతట అదే నొక్కుకుంటుందని విన్నాను. మదర్‌బోర్డు మూలన ఉండే రీసెట్ స్విచ్ వైరు, రెండు పిన్నులది, ఊడదీసి పక్కన పెట్టాను. పైసా ఖర్చు లేని పరీక్ష. రెండు రోజులు ఒక్కసారి కూడా పడలేదు. దొరికింది అనుకున్నాను. మా ఆయనకు ఫోన్ చేసి మరీ చెప్పాను. మూడో రోజు పదకొండింటికి ప్రశ్నపత్రం చేస్తుండగా మళ్లీ నల్ల తెర. ఆ క్షణం కళ్లలో నీళ్లు తిరిగాయి. టెన్షన్‌తో రెండు శుభలేఖల పని వేరే షాపుకు పంపించేశాను.

ఆ రాత్రి నోటుబుక్కు ముందు పెట్టుకుని కూర్చున్నాను. పదకొండు వరసలు ఉన్నాయి. ఏసీ గడిలో పోలిక లేదు, కొన్నిసార్లు వేసి ఉంది, కొన్నిసార్లు లేదు. టైములో పోలిక లేదు. కానీ 'ఏం చేస్తున్నాను' అన్న గడిలో తొమ్మిది చోట్ల 'ప్రూఫ్', 'ప్రింటు ఇచ్చాను', 'ప్రింటు మొదలు' అని నా చేత్తోనే రాసి ఉంది. ఆ మధ్యలో పడని రెండు రోజులు చూస్తే ఒకటి ఆదివారం, ఇంకొకటి కాగితం లేక ప్రింటర్ ముట్టుకోని రోజు. మొదటి రోజు పెళ్లికూతురి మేనమామ ముందు జరిగింది కూడా ప్రూఫ్ దగ్గరే. పది రోజులుగా రోజూ కళ్ల ముందే ఉన్నది అక్షరాల్లో చూసుకునేవరకు నాకు కనపడలేదు.

లేజర్ ప్రింటర్ ఇంకు పొడిని కాగితానికి వేడితోనే అంటిస్తుంది. లోపల ఫ్యూజర్ అనే రోలరు 200 డిగ్రీలకు దగ్గరగా వేడెక్కాలి. నిద్రలో ఉన్న ప్రింటర్ లేచినప్పుడు ఆ హీటరు ఒక్కసారిగా వందల వాట్లు లాగుతుంది. అందుకే లేజర్ ప్రింటర్ని యూపీఎస్‌కు పెట్టకూడదంటారు. నేనూ పెట్టలేదు. కంప్యూటర్ యూపీఎస్‌కు ఉంది, ప్రింటర్ గోడ ప్లగ్గుకు ఉంది. కాకపోతే ఆ యూపీఎస్ ప్లగ్గు, ప్రింటర్ ప్లగ్గు ఒకే స్విచ్‌బోర్డు మీద ఉన్నాయి.

ఉదయాన్నే పరీక్ష పెట్టాను. ఏ ఫైలూ తెరవకుండా సిస్టం ఊరికే ఉంచి, ప్రింటర్ నిద్రలోకి వెళ్లేదాకా ఆగి ప్రింటు ఇవ్వడం. పదిసార్లలో మూడుసార్లు రీస్టార్ట్ అయింది. ప్రతి ప్రింటుకూ ట్యూబ్‌లైటు ఒక్క రెప్పపాటు మినుకుమంది. తర్వాత పొడుగు యూఎస్‌బీ వైరు వేసి ప్రింటర్ని లోపలి గదిలో ప్లగ్గుకు మార్చాను, ఆ గదికి వేరే వైరింగు. మళ్లీ పదిసార్లు. ఒక్కసారి కూడా పడలేదు. అప్పుడు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.

కానీ లైటు ఎందుకు మినుకుమనాలి? అదే ప్రింటర్, అదే బోర్డు, ఇన్నేళ్లుగా లేనిది ఇప్పుడెందుకు? మా వీధి ఎలక్ట్రీషియన్ బాబాయిని పిలిచాను. ఆయన మొదట ప్రింటర్ని పాత చోటే పెట్టమన్నారు. పక్క ప్లగ్గులో మీటరు పెడితే 214 వోల్టులు చూపింది. ప్రింటు ఇవ్వగానే 181కి పడింది. ఆయన ముఖం మారిపోయింది. "అమ్మాయ్, ముందు మెయిన్ ఆపు" అన్నారు.

బోర్డు విప్పితే న్యూట్రల్ వైరు బిగించే స్క్రూ వదులై ఉంది. దాని చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మాడి, వైరు మీది తొడుగు పెళుసుగా రాలుతోంది. ఈ మధ్య సాయంత్రాలు ఏదో కాలిన వాసన వస్తుంటే ప్రింటర్‌దేమో అనుకున్నాను. దానంతట అదే కరెంటు ఆపేసే ఎంసీబీ స్విచ్చు ఎందుకు పడలేదని అడిగాను. "కరెంటు ఎక్కువ లాగితే అది పడుద్ది. లూజు కాంటాక్టుకు కరెంటు పెరగదమ్మా, ఆ ఒక్క చోట వేడి పెరుగుద్ది" అన్నారు. తర్వాత నేను లెక్క వేసుకున్నాను. 33 వోల్టులు దారిలోనే కరిగిపోతున్నాయి, హీటరు నాలుగు ఆంపియర్లు లాగుతోందనుకుంటే 130 వాట్లు. అందులో ఎక్కువ భాగం ఆ స్క్రూ దగ్గరే వేడిగా మారుతోంది. మామూలు సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది. ఆ గోడకు ఆనించే నా కాగితాల కట్టలు పెడతాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది.

ఆయన మాడిన వైరు కోసేసి, కొత్త సాకెట్ పెట్టి బిగించారు. ఇంకో సంగతి కూడా చూశారు. మూడో పిన్నుకు రావలసిన ఎర్తు వైరు బోర్డు వెనక ఊరికే వేలాడుతోంది. క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జుమ్మనడం నాకు చాలాకాలంగా అలవాటు. చెప్పులు వేసుకుని కూర్చోవడమే దానికి మందు అనుకునేదాన్ని. క్యాబినెట్‌లో కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టెను ఎస్ఎంపీఎస్ అంటారు. దానిలోకి కరెంటు వచ్చే చోట కరెంటును నిలవ ఉంచుకునే చిన్న కెపాసిటర్లు ఉంటాయి, వాటి ద్వారా కొద్దిపాటి కరెంటు ఎర్తులోకి పోవాలి. ఎర్తు లేకపోతే అది క్యాబినెట్ రేకు మీదే ఉండిపోయి మనం ముట్టుకున్నప్పుడు మన గుండా పోతుంది. ఎర్తు కలిపాక ఆ జుమ్మనడం పోయింది. మళ్లీ మీటరు పెట్టి ప్రింటు ఇస్తే 214 నుంచి 209 దాకానే దిగింది.

ఇక్కడితో ఆపేయొచ్చు. కానీ నాకు ఇంకో ప్రశ్న మిగిలింది. యూపీఎస్ ఉన్నది ఇలాంటి క్షణం కోసమే కదా, అదెందుకు కాయలేదు? సిస్టంలో ఏ పనీ లేనప్పుడు యూపీఎస్ ప్లగ్గు గోడ నుంచి లాగాను. అదే క్షణంలో కంప్యూటర్ ఆరిపోయింది. పోయిన దసరాలప్పుడు కరెంటు పోతే ఐదు నిమిషాలు నిలబడింది, ఆ నమ్మకంతో ఉన్నాను. లోపల ఉండేది 12 వోల్టుల, 7 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ. రెండు మూడేళ్లు పనిచేస్తే ఎక్కువ, నాది నాలుగేళ్లు దాటింది. కొత్తది వేయించి మళ్లీ ప్లగ్గు లాగాను. ఐదుసార్లలో మూడుసార్లు నిలబడింది, రెండుసార్లు రీస్టార్ట్ అయింది.

ఆ రెండింటికీ కారణం ఎస్ఎంపీఎస్. కరెంటు పోగానే యూపీఎస్ బ్యాటరీకి మారడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. ఆ సందులో సిస్టంని నడపాల్సింది ఎస్ఎంపీఎస్ కెపాసిటర్లలో నిలవున్న కరెంటే. మంచి ఎస్ఎంపీఎస్ ఇన్‌పుట్ లేకుండా సుమారు 16 మిల్లీసెకన్లు నిలబడుతుంది. ఎస్ఎంపీఎస్ నుంచి మదర్‌బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కనెక్టరులో బూడిదరంగు వైరు ఒకటి ఉంటుంది. వోల్టేజీలన్నీ సరిగ్గా ఉన్నంతసేపు దాని మీద 'పవర్ గుడ్' అనే సంకేతం వస్తుంటుంది. అది ఒక్క క్షణం పోయినా మదర్‌బోర్డు ప్రాసెసర్ని ఆపి, సంకేతం తిరిగి రాగానే మొదటి నుంచి మొదలుపెడుతుంది. మిషను ఆరిపోకుండా రీస్టార్ట్ మాత్రమే ఎందుకు అవుతోందో, బగ్‌చెక్ కోడ్ ఎందుకు సున్నానో అప్పుడు అర్థమైంది.

నిజానికి విండోస్ కంటే ముందు తెరుచుకునే మదర్‌బోర్డు సెట్టింగుల తెర, అంటే బయోస్‌లో 12 వోల్టుల లైను 11.6 చూపించింది. 11.4 దాకా పర్వాలేదంటారు కాబట్టి ఎస్ఎంపీఎస్ బాగానే ఉందని అంతకుముందే వదిలేశాను. బయోస్ చూపేది నిలకడగా ఉన్న వోల్టేజీని, క్షణంలో పడి లేచేది అందులో కనపడదు. ప్లగ్గు తీసి, వెనక జల్లెడలోంచి టార్చి వేసి చూస్తే రెండు కెపాసిటర్ల నెత్తి ఉబ్బి ఉంది. దాన్ని మాత్రం విప్పలేదు, మీరూ విప్పకండి. లోపలి పెద్ద కెపాసిటర్లో 300 వోల్టులకు పైగా ఉంటుంది, ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు నిలిచి ఉండొచ్చు. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చిన 450 వాట్ల ఎస్ఎంపీఎస్ అది, తొమ్మిదేళ్లు పనిచేసింది. కరెంటు వృథా తక్కువని చెప్పే 80 ప్లస్ బ్రాంజ్ గుర్తు ఉన్నది కొత్తది 2,800 రూపాయలకు తెచ్చి వేశాను. ప్లగ్గు పదిసార్లు లాగాను. పదిసార్లూ యూపీఎస్ కీచుమంది, తెర కదల్లేదు.

బ్యాటరీకి 1,050, బాబాయికి సామానుతో కలిపి 700 అయ్యాయి. అంటే మొత్తం 4,550. మొదట ఫార్మాట్‌కు ఇచ్చిన 500, పోయిన రోజున్నర, వేరే షాపుకు పంపిన రెండు శుభలేఖలు ఇందులో కలపలేదు. మిగతా పదిహేను శుభలేఖలూ టైముకే ఇచ్చాను. ఆ మేనమామ గారి కార్డులో లగ్నం నిమిషాలు నాలుగుసార్లు సరిచూసుకున్నాను.

ప్రింటర్ మాత్రం లోపలి గదిలోనే ఉంచేశాను. ప్రూఫ్ తెచ్చుకోవడానికి ప్రతిసారీ లేచి పది అడుగులు నడవాలి, అయినా వెనక్కి మార్చబుద్ధి కాలేదు. నెల మొదటి ఆదివారం ఫైళ్లన్నీ మూసి యూపీఎస్ ప్లగ్గు ఒకసారి లాగి చూస్తున్నాను, ప్రింటు ఇచ్చినప్పుడు స్విచ్‌బోర్డు మీద చెయ్యి ఆనించి వేడిగా ఉందేమో చూస్తున్నాను. నోటుబుక్కు వెనక పేజీలో పన్నెండో వరస ఇప్పటికీ ఖాళీగానే ఉంది.